ఐ3-12100 ఏడాది వాడాక: కరెంటు పోయే ఊళ్లో వాట్ల లెక్క

ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో నాది చిన్న డీటీపీ, ఆన్‌లైన్ షాపు. తెలుగు పెళ్లి కార్డులు, ఒడియా పెళ్లి కార్డులు, ఆదాయ, కుల ధ్రువపత్రాల అప్లికేషన్లు, స్కాలర్‌షిప్పులు, వేసవి దాటితే అటు ఆంధ్రా ఈఏపీసెట్ కౌన్సెలింగు, ఇటు ఒడిశా కాలేజీల అడ్మిషన్లు, అన్నీ ఒకే టేబుల్ మీద జరుగుతాయి. రోజుకు పది గంటలు కంప్యూటర్ ఆన్‌లో ఉంటుంది. అందుకే ఇది బెంచ్‌మార్కులు నడిపి స్కోర్లు చెప్పే రివ్యూ కాదు. ఇంటెల్ కోర్ ఐ3-12100 అనే ప్రాసెసర్‌ను ఏడాదిగా పనిలో పెట్టి, సాకెట్‌కి వాట్ మీటర్ తగిలించి చూసినవాడి మాటలు ఇవి.

ముందు పాత మెషీన్ సంగతి చెప్పాలి, లేకపోతే పోలిక అర్థం కాదు. నా దగ్గర ఐ5-2400 ఉండేది. 2011 నాటి ప్రాసెసర్, 32 నానోమీటర్ల చిప్పు, పెట్టె మీద 95 వాట్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఏళ్ల తరబడి ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు, దానితోనే షాపు నిలబడింది. కానీ విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోతుందన్నారు, విండోస్ 11 చూస్తే ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతవాటిని ఒప్పుకోదు. జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌బుక్కులు నమ్మి నా చేతిలో పెడతారు, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని సిస్టమ్‌లో వాటిని టైప్ చేయడం నాకు నచ్చలేదు.

రెండో కారణం కరెంటు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు, రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అంత పెద్దది రోజూ రాదు కానీ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కాలబైశాఖి గాలి లేచిందంటే లైను పోవడం మామూలే. బయట ఎవరో ఒడియాలో "కరెంట్ చాలిగలా" (కరెంటు పోయింది) అనడం, లోపల యూపీఎస్ కీచుమనడం ఒకేసారి వినిపిస్తాయి. నా పాత సిస్టమ్‌కి, మానిటర్‌కి కలిపి 600 వీఏ యూపీఎస్ ఇరవై నిమిషాలు ఇచ్చేది. ఆ ఇరవై నిమిషాల్లో ఫారం నింపి, ఫోటో సైజు తగ్గించి, ఓటీపీ కోసం ఎదురుచూసి, డబ్బు కట్టి, రసీదు సేవ్ చేయాలి. ఎంత టెన్షనో షాపు నడిపేవాళ్లకే తెలుస్తుంది.

కాబట్టి కొత్త ప్రాసెసర్ వెతికేటప్పుడు నేను అడిగింది ఒక్కటే, యూపీఎస్ మీద ఎంతసేపు నడుస్తుంది అని. వైజాగ్ ద్వారకానగర్‌లో రెండు మూడు షాపులు తిరిగాను, ఒక్కరూ దీనికి జవాబు చెప్పలేదు, అందరూ ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్‌లు అనే చెప్పారు. అందుకే వెయ్యి రూపాయల లోపు దొరికే వాట్ మీటర్ కొని నేనే కొలిచాను. ఇది ప్రతి షాపువాడి దగ్గరా ఉండాల్సిన వస్తువు అని ఇప్పటికీ అంటాను.

ఐ3-12100 గురించి క్లుప్తంగా. 2022 జనవరిలో వచ్చింది. నాలుగు కోర్లు (లోపల పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), మామూలు వేగం 3.3 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు 4.3 దాకా వెళ్తుంది, 12 ఎంబీ క్యాష్ మెమరీ. ఇదే తరం పెద్ద ఐ5, ఐ7లలో ఉండే చిన్న ఎఫిషియెన్సీ కోర్లు ఇందులో లేవు, నాలుగూ పెద్ద కోర్లే. యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ లోపలే ఉంది, వేరే కార్డు అక్కర్లేదు. ఇంటెల్ చెప్పే లెక్కలో బేస్ పవర్ 60 వాట్లు, గరిష్ఠ టర్బో (వేగం పెంచుకున్నప్పుడు) 89 వాట్లు.

ఈ 60 దగ్గరే చాలామంది పొరబడతారు. పాతది 95, కొత్తది 60, కాబట్టి 35 వాట్లు మిగులు అని లెక్క వేస్తారు. ఆ అంకె ప్రాసెసర్ అన్ని కోర్లతో ఆగకుండా పనిచేస్తున్నప్పటి సంగతి. నా షాపులో అలా పనిచేసే సమయం రోజు మొత్తంలో పది నిమిషాలు ఉంటుందేమో. పెళ్లి కార్డు టైప్ చేస్తున్నప్పుడు ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య ప్రాసెసర్ దృష్టిలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో కోర్లు ఒక్కొక్కటే నిద్రలోకి వెళ్లిపోతాయి, కొత్త చిప్పులు పాతవాటికంటే లోతుగా నిద్రపోతాయి, పని రాగానే లేచి, గబగబా ముగించి, మళ్లీ పడుకుంటాయి. మనలాంటి వాళ్లకు మిగులు అక్కడ వస్తుంది, అది పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు.

మీటర్‌లో కనిపించిన లెక్కలు ఇవీ, మానిటర్ కలపకుండా. పాత ఐ5, దానికి తగిలించిన చిన్న గ్రాఫిక్స్ కార్డుతో, ఊరికే ఉన్నప్పుడు 58 వాట్లు, టైపింగూ బ్రౌజర్ కలిపి నడుస్తుంటే 68 దగ్గర, ఫోటోషాప్‌లో పెద్ద ఫైల్ సేవ్ చేస్తే 125 దాకా. కొత్త ఐ3 ఊరికే ఉన్నప్పుడు 23, మామూలు పనిలో 27 నుంచి 32 మధ్య, ఫోటోషాప్ బరువు పడితే 60, 70. కావాలని అన్ని కోర్లనీ నిండుగా పనిలో పెడితే 92 వచ్చింది, నిజం పనిలో ఆ అంకె నేను చూడలేదు.

యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేసి రెండు సిస్టమ్‌లనీ ఒక్కోసారి పెట్టి చూశాను. పాతదానికి మానిటర్‌తో కలిపి ఇరవై నిమిషాలు, కొత్తదానికి నలభై ఐదు. లోడు సగానికి తగ్గితే టైము రెట్టింపే రావాలి కదా, అంతకంటే ఎక్కువ ఎందుకు వచ్చిందని మొదట నాకూ అనుమానం వచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ తీరే అంత. దాని మీద 7 ఏహెచ్ అని రాసేది ఇరవై గంటల పాటు నెమ్మదిగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క. గుంజి లాగితే అంత ఇవ్వదు, మెల్లగా తీసుకుంటే ఎక్కువ ఇస్తుంది. అందువల్ల యూపీఎస్ మీద బతికేవాళ్లకు తగ్గిన ప్రతి వాటూ దాని విలువకంటే కాస్త ఎక్కువే కలిసొస్తుంది.

ఆ నలభై ఐదు నిమిషాల విలువ ఎంతో ఒక సాయంత్రం తెలిసింది. కాశీనగర్ వైపు నుంచి ఒకావిడ కొడుకుని తీసుకొచ్చింది, స్కాలర్‌షిప్‌కి అదే ఆఖరు రోజు. సగం ఫారం నింపేసరికి లైను పోయింది. పోర్టల్ మీద ఆ రోజు రద్దీ, ఒక్కో పేజీ తెరుచుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు. పాత సిస్టమ్ అయితే కచ్చితంగా మధ్యలో ఆరిపోయేది. ముప్పై మూడో నిమిషంలో రసీదు వచ్చింది. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్ మీద పెట్టకూడదు, లోపల కాగితాన్ని వేడి చేసే ఫ్యూజర్ ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, యూపీఎస్ అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకని పీడీఎఫ్‌ని ఆమె ఫోన్‌కి పంపాను. ఆ పిల్లాడి మొహం చూశాక ఈ ప్రాసెసర్‌కి పెట్టిన డబ్బు గురించి మళ్లీ ఆలోచించలేదు.

కరెంటు బిల్లు కోసం మాత్రం ఇది కొనకండి, ఇది గట్టిగానే చెప్తున్నా. సగటున నలభై వాట్లు మిగిలాయనుకోండి, పది గంటలకు 0.4 యూనిట్, నెలకు ఇరవై ఆరు పని రోజులకు పది యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల చొప్పున చూసినా అరవై రూపాయలు, ఏడాదికి ఏడు వందలు. దానితో సిస్టమ్ ఖరీదు ఎప్పటికి తీరుతుంది? పొదుపు పేరు చెప్పి అమ్మేవాళ్లు ఈ లెక్క వేసి చూపించరు. మనకు దక్కేది కరెంటు లేనప్పుడు పని చేసుకునే సమయం, ఇంకా మే నెలలో పది అడుగుల గదిలో కాళ్ల దగ్గర తగ్గే వేడి. ఆ వేడి తగ్గడం నేను ముందు లెక్కలోకి తీసుకోలేదు, కానీ మధ్యాహ్నం రెండు గంటలకు తేడా స్పష్టంగా తెలుస్తోంది.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ప్రాసెసర్ మంచిది కొని ఇక్కడ పోగొట్టుకునేవాళ్లు చాలామంది. డబ్బు మిగుల్చుదామని మొదట పాత క్యాబినెట్‌లోని లోకల్ ఎస్ఎంపీఎస్‌కే కొత్త బోర్డు తగిలించాను. ఊరికే ఉన్నప్పుడు 31 వాట్లు చూపించింది. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 450 వాట్లది పెట్టగానే 23కి దిగింది, అంటే ఆ ఎనిమిది వాట్లూ డబ్బాలో వేడిగా పోతున్నాయి. పెద్దది కొంటే మంచిదని 650, 750 వాట్లవి కొనకండి. ఆ 80 ప్లస్ పరీక్ష మొదలయ్యేదే ఇరవై శాతం లోడు దగ్గర, బ్రాంజ్ వరకు అంతకు కింద ఎలా ఉంటుందో ఆ ముద్ర చెప్పదు. మన సిస్టమ్ రోజంతా ఉండేది అయిదారు శాతం లోడులో. ఈ ప్రాసెసర్‌కి 450 కూడా ఎక్కువే, దానికంటే చిన్నది మంచి కంపెనీలో దొరక్క తీసుకున్నాను.

అయితే ఆ మొదటి బ్రాంజ్ ఎస్ఎంపీఎస్‌తో ఒక బాధ వచ్చింది. కరెంటు పోయి యూపీఎస్ అందుకునే క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. అమ్మినవాళ్లు బోర్డు లోపం అన్నారు, పన్నెండు రోజులు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు, బాగానే ఉందని తిరిగి ఇచ్చారు, ఇంటికి తెచ్చాక మళ్లీ అదే. పక్క షాపు సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద పెట్టి చూస్తే ఒక్కసారీ ఆగలేదు. అప్పుడు అర్థమైంది, చవక యూపీఎస్ ఇచ్చే కరెంటు మెట్లుమెట్లుగా ఉండే చతురస్రపు తరంగం, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్ఎంపీఎస్‌లకు అది పడదు. వేరే మోడల్‌కి మార్చుకుంటే సమస్య పోయింది. మీరు కొనేటప్పుడు వీలైతే మీ యూపీఎస్‌ని షాపుకే తీసుకెళ్లి, ప్లగ్గు పీకి చూసి కొనండి. మొహమాటపడొద్దు.

పనిలో ఎలా ఉందంటే, నేను ఇంకా పేజ్‌మేకర్ వాడతాను, తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి. ఈ పాత సాఫ్ట్‌వేర్లకు ఎన్ని కోర్లున్నా ఉపయోగం లేదు, ఒకే కోరు మీద నడుస్తాయి, కాబట్టి ఆ ఒక్క కోరు ఎంత చురుగ్గా ఉంటే అంత హాయి. ఐ3-12100 బలం సరిగ్గా అక్కడే. కోరల్‌లో పెద్ద ఫ్లెక్సీ డిజైన్ తెరిస్తే పాతదానిలో టీ తాగొచ్చేంత సేపు పట్టేది, ఇప్పుడు తెరుచుకునేలోపు కస్టమర్‌తో ఒక మాట మాట్లాడగలను, అంతే. ఇందులో ఎస్ఎస్‌డీ వాటా కూడా ఉంది, మొత్తం గొప్ప ప్రాసెసర్‌కే ఇవ్వడం న్యాయం కాదు. విండోస్ 11లో ఈ పాత ప్రోగ్రాములకు కంపాటిబిలిటీ మోడ్ పెట్టాల్సి వచ్చింది, ఒక పూట పట్టింది, తర్వాత గొడవ లేదు.

బయోస్‌లో, అంటే విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, రెండు విషయాలు చూసుకోండి. సీ-స్టేట్స్ అనే ఆప్షన్ ఆన్‌లో లేదా ఆటోలో ఉండాలి, అది ఆఫ్ చేసి ఉంటే కోర్లు లోతుగా నిద్రపోవు, మీ మిగులంతా పోతుంది. నా బోర్డులో పవర్ లిమిట్ మార్చే వీలుంది, టర్బోని 89 నుంచి 60కి తగ్గించాను. పనిలో తేడా నాకు కనిపించలేదు, ఫ్యాన్ చప్పుడు మాత్రం తగ్గింది.

కొనేటప్పుడు పేరు చివర అక్షరం చూడండి. 12100ఎఫ్ అని ఒకటుంది, ఇంకాస్త చవక, కానీ లోపల గ్రాఫిక్స్ ఉండదు. మా వాడు ఒకడు ఆన్‌లైన్‌లో రేటు చూసి సంబరపడి అదే తెప్పించాడు, తెర నల్లగా ఉందని నాకు ఫోన్ చేశాడు. చివరికి గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు, మిగిలిన డబ్బు పోయింది, పైగా ఆ కార్డు ఊరికే కూర్చుని కూడా పది పదిహేను వాట్లు తింటోంది. 12100టీ అని ఇంకోటి, 35 వాట్లది. దాని కోసం వెతుక్కుంటూ కూర్చోకండి, నిద్రలో రెండూ ఒకేలా ఉంటాయి, బరువు పడినప్పుడే టీ తక్కువ తీసుకుంటుంది, ఆ మేరకు నెమ్మదిగా పనిచేస్తుంది. పవర్ లిమిట్ తగ్గిస్తే మామూలుదే దాదాపు టీలాగా ఉంటుంది.

పాతపట్నంలో మా బావ ఉన్నాడు, నేను కొన్నానని చెప్తే మొదటి మాటే, "ఏటి బావా, పాతిక వేలు పెట్టి ఐ3 ఏటి? ఎనిమిది వేలకి ఐ7 పాతది వస్తాది కదా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఐ3, ఐ7 అనేవి ఒకే తరంలో పోల్చుకోవడానికి పనికొచ్చే పేర్లు. పన్నెండో తరం ఐ3 ఒక్కో కోరు పనిలో రెండో, మూడో తరం ఐ7ని చాలా వెనక వదిలేస్తుంది, అదీ సగం కరెంటుతో. అంత పాతవి విండోస్ 11కి పనికిరావు కూడా. పాతదే కొనాలంటే 8వ తరం లేదా ఆపై ఆఫీసు మెషీన్లు, చిన్న డబ్బాల్లో టీ ప్రాసెసర్లతో వచ్చేవి చూడండి, అవి బాగుంటాయి.

కేవలం బిల్లింగు, టాలీ, బ్రౌజర్ అయితే ఐ3 కూడా ఎక్కువే, ఎన్100 తీసుకోండి. 2023లో వచ్చిన చిప్పు, నాలుగు చిన్న కోర్లు, 6 వాట్లు. కాశీనగర్‌లో ఒక మందుల షాపుకి ఎన్100 మినీ పీసీ పెట్టించాను, నా మీటర్‌లో పది వాట్ల దగ్గరే తిరిగింది, వాళ్ల చిన్న యూపీఎస్ మీద గంట దాటి నడుస్తోంది. కానీ దాన్ని తర్వాత మార్చుకోలేం, ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, ర్యామ్ కూడా ఒకే చానెల్. ఫోటోషాప్‌లో నాలుగు ఫైళ్లు తెరిచామంటే ఆయాసం తెలుస్తుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు రైజెన్ 5 5600జీ వైపు వెళ్లండి, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలి గ్రాఫిక్స్ కూడా ఐ3 కంటే మెరుగు, 65 వాట్లు.

ఐ3లో నాకు నచ్చనివీ ఉన్నాయి. నాలుగు కోర్లు నేటికి సరే, అయిదేళ్ల తర్వాత ఇరుకవుతాయి. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే ఈ సాకెట్‌లో 14వ తరం వరకే పడతాయి, తర్వాత ఇంటెల్ సాకెట్ మార్చేసింది. పెట్టెలో వచ్చే కూలర్ మామూలు పనిలో వినపడదు, నిండు లోడులో మాత్రం బాగా అరుస్తుంది. నేను వాడిన చవక రకం హెచ్610 మదర్‌బోర్డులో రెండే ర్యామ్ స్లాట్లు, ఎస్ఎస్‌డీ వేగం కూడా పీసీఐఈ 3.0కే పరిమితం. నా పనికి అది అడ్డం కాలేదు. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో ఓల్టేజీ వల్ల ప్రాసెసరే దెబ్బతినే సమస్య 12వ తరానికి లేదు, ఆ విషయంలో నిశ్చింత.

నేను కొన్నప్పటి ఖర్చు చెప్తాను. ప్రాసెసర్ పది వేలు, హెచ్610 డీడీఆర్4 బోర్డు 6,200, ర్యామ్ 16 జీబీ మూడు వేలు, 500 జీబీ ఎస్ఎస్‌డీ 2,900, ఎస్ఎంపీఎస్ 2,800, మొత్తం పాతిక వేలకు వంద తక్కువ, క్యాబినెట్, మానిటర్ పాతవే. ఆ తర్వాత ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి పాత సిస్టమ్‌లో డీడీఆర్4 ఉంటే దాన్నే వాడుకోండి, బోర్డు కూడా డీడీఆర్4దే అడగండి, డీడీఆర్5 బోర్డులు కూడా ఉంటాయి, రెండిటికీ ఒకే ర్యామ్ పట్టదు. సీలు ఉన్న పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కే మూడేళ్ల కంపెనీ వారంటీ, విడిగా ట్రేలో వచ్చింది చవకగా ఇస్తామంటే వద్దనండి. మనం సరిహద్దు దాటి వెళ్లి కొంటాం, ఏదైనా అయితే మళ్లీ బండెక్కి వైజాగో బరంపురమో పోవాలి, ఆ రోజు షాపు మూత. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, పెట్టె మీది నంబరుతో సరిచూసుకుని రండి.

షాపులో రెండో టేబుల్ మీద ఇంకా పాత మెషీనే ఉంది, మా తమ్ముడు దాని మీద టైపింగ్ నేర్చుకుంటున్నాడు. ర్యామ్ రేటు కాస్త దిగితే దానికీ ఇదే ప్రాసెసర్ వేస్తాను. రెండూ కలిపినా నా పాత ఒక్క సిస్టమ్ తీసుకున్నంత కరెంటే తీసుకుంటాయి, కాబట్టి కొత్త యూపీఎస్ కొనే పని లేదు.